అలివేలు నోటి తడి

నా పటాల్లో పులులు ఎర్రగా ఉంటాయి. పసుపు రంగు పులి మీద ఉండదు, దేవతల ఒంటి మీద ఉండదు, నగల మీదా ఉండదు. గీతలు కూడా లావుగా ఉంటాయి. చూసినవాళ్ళు కొందరు అదేదో నా గొప్ప అనుకుని, నకాసీ దుర్గయ్య చేతివాటమే వేరు అంటూ తలలూపుతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. చేతివాటమూ లేదు, మన్నూ లేదు. నా భార్య అలివేలు ఆ పసుపు రంగు వల్ల చచ్చిపోయింది. ఆ రంగు తెచ్చి ఇచ్చింది నేను.

మాది సూర్యాపేట. బజారు వెనక సందులో రెండు గదుల ఇల్లు. కులకథలు చెప్పుకుంటూ ఊళ్ళు తిరిగేవాళ్ళకు గుడ్డ మీద బొమ్మలు వేసి ఇవ్వడం మా తాతల నాటి పని, అందుకే మమ్మల్ని నకాసీలంటారు. కథకుడు ఆ పటాన్ని రెండు కర్రలకు కట్టి, కొంచెం కొంచెంగా విప్పుతూ, బొమ్మ బొమ్మకూ కథ చెప్తాడు. పటం లేకపోతే అతని కథ వినడానికి ఎవరూ కూర్చోరు.

మా నాయన ఒక కట్టడి పెట్టాడు. దీపావళి వెళ్ళాక కుంచె పట్టాలి, శివరాత్రికి దించాలి. ఆయన చాదస్తం అనుకునేవాణ్ణి గాని, కారణం ఉంది. వానాకాలంలో గుడ్డకు పూసిన సుద్ద, చింతగింజల అంబలి ఆరవు, బూజు పడుతుంది. ఎండాకాలంలో రంగులో కలిపిన తుమ్మజిగురు కుంచె మొన మీదే ఎండిపోయి, ఉడుత వెంట్రుకలు రెండు పాయలుగా చీలిపోతాయి. చలికాలం గాలిలో తడి ఉంటుంది కాబట్టి ఒక్కసారి ముంచితే మూరెడు గీత సాగుతుంది.

రజాకార్ల గడబిడలో ఆ కట్టడి పోయింది. రెండు చలికాలాలు ఊరు ఊరంతా పరేషాన్‌లో ఉంది. కథకులు ఊరు దాటలేదు, మాకు పని లేదు. నలభై ఎనిమిది ఎండాకాలంలో ఒక చిన్న పటం పని దొరికితే, భయానికి తలుపులు మూసుకుని లోపలి గదిలో వేశాను. ఆ గది రొట్టెల బట్టీ లాగా ఉండేది. గీతకొకసారి కుంచె మొన ఎండేది. ఎండినప్పుడల్లా నోట్లో పెట్టుకుని పెదవులతో మొన తీసేవాణ్ణి. మా నాయనా అలాగే తీసేవాడు, కాని చలికాలంలో కాబట్టి ఏ పూటకో ఒకటి రెండు సార్లు. నేను రోజుకు రెండు వందల సార్లు తీశాను. నగలన్నీ పసుపే, అంచులన్నీ పసుపే. ఆ పసుపును అరిదళం అనే రాయిని నూరి చేస్తాం.

ఆ తర్వాత దొరికిన చిల్లర పనులకు కూడా అలాగే మొన తీస్తూ వచ్చాను. ఆ ఏడు చలికాలానికి నా పని అయిపోయింది. నోరంతా పూసి, చప్పటి గంజి తాగినా కారంగా మండేది. అరచేతుల్లో తోలు కాయలు కట్టి గట్టిపడింది. అన్నిటికంటే ఘోరం, చేతులు వణకడం మొదలైంది. హకీము ఇచ్చిన పొడి మింగాను. ఎవరో చేతబడి చేశారని పక్కింటి నీలా అంటే నిమ్మకాయలు కూడా దిగదీయించుకున్నాను. కుంచె మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. మూడు తరాలుగా అన్నం పెట్టిన కుంచె అది.

పోలీసు చర్య అయిపోయి, బాటలు తెరుచుకున్నాక, మాఘమాసంలో మిర్యాలగూడ నుంచి కూనపులి సోమయ్య వచ్చాడు. బట్టలు నేసే సాలోళ్ళ ఇళ్ళ ముందు వాళ్ళ కులదేవుడి కథ చెప్పి బతికేవాడు. గడబిడ రోజుల్లో పటాన్ని కాగులో పెట్టి కొట్టంలో పాతిపెట్టాడట. తీసి చూసేసరికి చెదలు తినేసి, పట్టుకుంటే పొట్టులా రాలిందట.

"దుర్గన్నా, మిరుగం లోపల, వానలు వడకముందే పటం కావాలె," అన్నాడు. "రెండేండ్లయింది నేను కథ చెప్పక. సాలోళ్ళు ఇంకోన్ని పిలుస్తమంటున్నరు. ఒక్కసారి ఇంకోడొచ్చిండంటె ఇగ నా గడప ఖతం."

నలభై మూరల పటం. అప్పటికే మాఘం సగం అయిపోయింది. అంటే మళ్ళీ ఎండాకాలమే. కాదనాల్సింది. నకాసీ దుర్గయ్యకు చేతులు పడిపోయాయట అని నలుగురూ అనుకుంటారని, వణికే చేతులను రుమాలు కింద దాచుకుని సరేనన్నాను. నా బింకం అలాంటిది.

గుడ్డకు పూతలు వెయ్యడం అలివేలు పని. మూడు పూతలూ వేసి, ఆరబెట్టి, రాయితో రుద్ది నున్నగా చేసి ఇచ్చింది. నేను కూర్చుని మొదటి బొమ్మ గీశాను. కులదేవుడి ముక్కు మూడు వంకరలు పోయింది. కుంచె నోట్లో పెట్టుకుంటే నిప్పు పెట్టుకున్నట్టయి, కుంచె విసిరికొట్టి మొండిగా కూర్చున్నాను.

అలివేలు కుంచె ఏరుకొచ్చింది. రంగులో ముంచింది, తన నోట్లో పెట్టుకుని తిప్పి, మొన తీసి నా చేతికిచ్చింది. సూదిలా ఉంది మొన.

"ఇన్నేండ్లు నా నోటిని తిట్టినవ్ గదా," అంది. "సూడు, ఇయ్యాల గదే నోరు పనికొచ్చె."

నవ్వొచ్చింది నాకు. చాలా రోజుల తర్వాత నవ్వాను.

ఆ రోజు నుంచి పని పద్ధతి అంతా మారిపోయింది. బోర్లించిన కుండ మీద మణికట్టు ఆనించి, గీతను ముందుకు తొయ్యడం మానేసి నా వైపుకు లాగడం నేర్చుకున్నాను. ఊపిరి బిగబట్టి ఒక బెత్తెడు గీసేవాణ్ణి, ఊపిరి వదిలేవాణ్ణి, మళ్ళీ బెత్తెడు. తలుపుకు తడి గోనెలు కట్టాం. రెండు కుంచెలు పెట్టుకున్నాం. ఒకటి నా చేతిలో ఉంటే రెండోది ఆమె నోట్లో ఉండేది. ఇది ఇవ్వగానే అది అందుకునేది. మాటల మనిషి, నోట్లో కుంచె ఉంటే మాట్లాడలేక కళ్ళతోనే నన్ను తిట్టేది. అంత ఎండలో, అంత ఇరుకు గదిలో, మా పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో మేం అంత దగ్గరగా ఎప్పుడూ లేము. పిల్లలు లేని ఇల్లు కదా, ఆ పటమే మా ఇద్దరికీ పిల్లయింది.

ఫాల్గుణం వెళ్ళేసరికి నా నోరు మానింది. చైత్రంలో చేతి వణుకు సగానికి తగ్గింది. ఎండకు రోగం ఎండిపోయిందని నేను అన్నాను. అలివేలు ఒప్పుకోలేదు.

"ఎండ గాదు, ఎల్లమ్మ తల్లి. మొక్కుకున్న. గా రోగమేందో నాకియ్యి, ఆయన చేతులు ఆయనకియ్యి అన్న."

"రోగం అడుక్కునే పిచ్చిదానివి నువ్వొక్కదానివే ఉంటవ్," అని ఎగతాళి చేశాను. "ఏదో ఒక కోక అడుగొద్దా?"

వైశాఖంలో పసుపు అయిపోయింది. పటం చివరి పదిమూరల్లో కథంతా పులిదే. కులదేవుడు పులినెక్కి వస్తాడు. పులి తల, ముందు కాళ్ళు అయ్యాయి. నడుము నుంచి తోక దాకా తెల్లగా మిగిలిపోయింది. సగం పులిని గోడకు వదిలేసి బస్సెక్కి కోదాడ పోయాను. అక్కడి శెట్టి దుకాణానికి బెజవాడ నుంచి సరుకు వచ్చేది.

శెట్టిగారు పొట్లం విప్పి చూపించాడు. రాయి మంచిదో కాదో తెలుసుకోవడానికి మేం చేసే పనే నేనూ చేశాను. చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను. ఆయన గల్లా దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు.

"అయ్యయ్యో, ఊసెయ్యండి! ముందు ఊసెయ్యండి! ఇది పాషాణం జాతి రాయండీ! తోళ్ళ బొచ్చు ఊడదియ్యడానికి సున్నంలో కలుపుతారు. నోట్లో పెట్టుకుంటారా ఎక్కడన్నా?"

"మాకలవాటే," అన్నాను.

"ఏం అలవాటండీ? మా ఊళ్ళో ఒకతను దీన్ని నూరేవాడు. నోరు పూసింది, అరచేతులు కాయలు కాసినాయి, కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కి ఏడాది తిరక్కుండా పోయాడు. మనిషి గట్టివాడు కాబట్టి అన్నాళ్ళన్నా ఉన్నాడు."

నా అరచేతులు పంచె మడతల్లో దాచుకున్నాను. నేనెందుకు బాగయ్యానో ఆ క్షణంలో తెలిసింది. నా నోటి నుంచి ఆ కుంచె ఎవరి నోటికి మారిందో కూడా తెలిసింది.

అయినా పొట్లం కట్టించుకున్నాను.

ఎందుకు కట్టించుకున్నానని ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. సోమయ్య గడప ఖతమవుతుందని చెప్పుకున్నాను. మిరుగం ఇంకా మూడు వారాలే ఉందని, వానలు పడితే పటం పాడవుతుందని చెప్పుకున్నాను. పదిహేను రోజుల పనికే ఏమవుతుందిలే అనుకున్నాను. అవన్నీ సాకులు. పోయిందనుకున్న చెయ్యి తిరిగొచ్చింది. ఆ చేత్తో ఆ పులిని పూర్తి చేసి చూసుకోవాలని నాకు ఆశ పుట్టింది. అంతకంటే ఏమీ లేదు.

ఇంటికొచ్చేసరికి అలివేలు వాకిట్లోనే ఎదురొచ్చింది. "దొరికిందా?"

"దొరికింది," అన్నాను. కాళ్ళు కడుక్కుంటూ, మొహం చూడకుండా, "కుంచె నోట్లో పెట్టినంక ఉమ్మెయ్యి. మింగకు," అన్నాను.

"ఎందుకు?"

"గొంతు పాడైతది."

ఆమె నన్ను వింతగా చూసింది. "దేవుని ఒంటికి పెట్టే రంగు ఉమ్ముతరా ఎవరన్న? పాపం తగలదా? మీ అమ్మనే చెప్పింది నాకు, దేవుని రంగు నేల పడొద్దని."

నిజమే, మా అమ్మే చెప్పింది. మా ఇళ్ళల్లో మిగిలిన రంగు కూడా పారబొయ్యం, చెట్టు మొదట్లో పోస్తాం. ఇంకొక్క మాట చెప్తే సరిపోయేది. ఇది విషమే అంటే సరిపోయేది. ఆ మాట అంటే ఆమె కుంచె ముట్టదు, ముట్టకపోతే పులి పూర్తి కాదు. నేను తువ్వాలతో మొహం తుడుచుకుని లోపలికి పోయాను.

పులి పూర్తయ్యేదాకా, పదకొండు రోజులూ మింగింది. నేను కుంచె ఇవ్వడం, ఆమె అందుకోవడం, పెదవుల మధ్య తిప్పడం, గుటక వెయ్యడం. ఆ గుటక నాకు వినిపించేది. వినపడనట్టు పులి వెంట్రుకలు గీశాను. నా బతుకులో అంత సన్నటి గీతలు మళ్ళీ గియ్యలేదు.

పులి తోక అయ్యేనాటికి అలివేలు అన్నం మానేసింది. తాగిన గంజి తాగినట్టే కక్కుకునేది. దువ్వితే జుట్టు పాయలుగా ఊడొచ్చేది. అరికాళ్ళు మండుతున్నాయని తడిగోనె మీద పెట్టుకుని పడుకునేది. ఎండాకాలం మొదటి నుంచే చిక్కిపోతూ వచ్చిన మనిషి, ఇంకేం మిగులుతుంది?

పటంలో ఇక బొమ్మల కళ్ళు మిగిలాయి. వాటిని అన్నిటికంటే చివర, పటం తీసుకునేవాళ్ళ ఎదుట పెడతాం. అది నల్లరంగు, దీపం మసి, దానితో భయం లేదు. కాని అలివేలు లేచి కూర్చోలేకపోయింది. సోమయ్య, ఇద్దరు పెద్దమనుషులు మిర్యాలగూడ నుంచి వచ్చి వాకిట్లో కూర్చున్నారు. కుంచె మొన ఎండిపోతోంది. నా నోటికి తీసుకోవడానికి చెయ్యి రాలేదు. దిక్కులు చూశాను. నీలా వాళ్ళ పెరట్లో నరికిన అరటిబోదె కనిపించింది. ఒక ముక్క కోసుకొచ్చి, కుంచె మొన దానిలో గుచ్చి తిప్పాను. తడిగా, సూదిలా వచ్చింది. నోట్లో తీసినదానికంటే నయంగా వచ్చింది. నూట ముప్పై కళ్ళు ఆ ఒక్క ముక్కతోనే పెట్టాను.

గడప లోపల చాప మీద పడుకుని అలివేలు ఇదంతా చూస్తోంది.

"గింత సులువా?" అని నవ్వింది. నవ్వడానికి కూడా ఓపిక లేదు. "ముందే తట్టకపాయె నీకు. ఊకె నా నోరు కరాబు చేసినవ్."

పెద్దమనుషులు కూడా నవ్వారు. సోమయ్య పటానికి దండం పెట్టి, లోపలికొచ్చి అలివేలు కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "అక్కా, నా గడప నిలబెట్టినవ్," అన్నాడు. నేను వాకిట్లోనే ఉండిపోయాను. ఏ మొహం పెట్టుకుని లోపలికి పోను?

మరునాడు బండి కట్టించి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరుకు మాత్రం చాటుగా అంతా చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. రెండు వారాల ముందు తెస్తే చూసేవాళ్ళం అన్నాడు. రెండు వారాల ముందు నేను కోదాడలో పొట్లం కట్టించుకుంటున్నాను.

వానలు మొదలయ్యాయి. పలకరించడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ అలివేలు ఒకటే చెప్పేది. "మొక్కు దీర్చింది ఎల్లమ్మ. ఆయన రోగం నాకియ్యమన్న, ఇచ్చింది. ఆయన చెయ్యి సూడుండ్రి, ఎట్ల మంచిగైందో." వాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకునేవారు. ఎంత పుణ్యాత్మురాలివమ్మా అనేవారు. ఆమె మొహంలో నొప్పి ఉండేది గాని దిగులు ఉండేది కాదు. బేరం గెలిచిన మనిషిలా ఉండేది. నేను మూలన కూర్చుని ఆ మాటలు వినేవాణ్ణి. ఒక్కొక్క మాటకూ నాకు తల తీసేసినట్టయ్యేది.

ఒక మధ్యాహ్నం వాన పడుతోంది. ఇంట్లో ఎవరూ లేరు. "ఏమయ్యా, నీ చెయ్యి సూపియ్యి," అంది. చాపాను. వణకడం లేదు. వేళ్ళ కొనల్లో స్పర్శ మాత్రం పోయింది, అది ఎప్పటికీ రాలేదు, నా గీతలు లావు కావడానికి కారణం అదే. ఆమె నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ తడిమే చేతులు వేడిగా ఉన్నాయని మణికట్టు దగ్గరే తెలిసింది.

"మంచిగుంది," అంది. "తల్లి మాట దప్పలే."

ఇక ఓర్చుకోలేకపోయాను. "తల్లి గాదే," అన్నాను. "రంగు. గా పసుపు రంగు విషం. నా నోట్లకు పోయినన్ని దినాలు నాకు రోగం. నీ నోట్లకు పోవుడు మొదలైనంక నాకు నయమైంది. మొక్కు లేదు, ఏం లేదు."

అలివేలు పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. ఆమెకు అర్థం కాలేదేమోనని, మళ్ళీ చెప్పాలా అనుకుంటున్నాను.

"నీకెప్పుడు తెల్సింది?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. దవాఖానలో తెలిసింది అంటే అయిపోయేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

"కోదాడ పోయినప్పుడు."

"అప్పటికి పులి సగమే అయింది."

"ఊఁ."

"ఉమ్మెయ్యమన్నవ్."

"ఊఁ."

ఆమె నా చెయ్యి వదిలేసింది. విసిరెయ్యలేదు, మెల్లగా చాప మీద పెట్టింది. గోడ వైపు తిరిగి పడుకుంది.

నాలుగు రోజులు బతికింది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. గంజి తీసుకెళ్తే పెదవులు బిగించేది. నీళ్ళు తీసుకెళ్ళినా అంతే. నీలా వచ్చి తాగిస్తే తాగేది. నీలాకు ఏమీ తెలియదు. జబ్బు మనిషి, మతి చెదిరింది, నువ్వేం మనసుల పెట్టుకోకన్నా అంటూ నన్నే ఓదార్చింది. మొక్కు గురించి కూడా అలివేలు మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా ఎల్లమ్మ పేరెత్తితే కళ్ళు మూసుకునేది.

నిజం చెప్పడం మంచిపని అంటారు. నేను చెప్పకపోతే ఆమె గెలిచానన్న సంతోషంతోనే పోయేది. నా గుండె బరువు దించుకోవడానికి ఆమె చేతిలో ఉన్న ఆ కాస్తా లాక్కున్నాను. ప్రాణం ఒకసారి తీశాను, ఆ ప్రాణానికి ఆమె చెప్పుకున్న అర్థాన్ని రెండోసారి తీశాను. రెండుసార్లూ నా కోసమే.

అయిదో రోజు తెల్లవారేసరికి పోయింది. వాకిట్లో పడుకోబెట్టి, పెద్దవాళ్ళు నోట్లో తులసినీళ్ళు పొయ్యమని నన్ను పిలిచారు. పక్కన కూర్చుని, ఉద్ధరిణెతో మూడుసార్లు పోశాను. ఈసారి పెదవులు బిగించలేదు.